గాజులమ్మ చెయ్యి

గాజులమ్మ పోయిందన్న మాట మా ఆసుపత్రికి తెచ్చినవాడు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు దగ్గర టీ అమ్ముకునే మనిషి. ఎవరు పోయారంటే, "అదేమ్మా, మలారం భుజానేసుకోని తిరుగుతాండె కదా, సాయిబులామె, గాజులామె" అన్నాడు. పేరు చెప్పమన్నాను. తెలీదన్నాడు. ఇన్నేళ్లు టీ పోసి పేరు కూడా తెలుసుకోలేదా అని కోప్పడబోయి నాలుక కరుచుకున్నాను. ఆమె పుణ్యాన ఈరోజు నాకొక తమ్ముడు ఉన్నాడు. పేరు నాకు మాత్రం తెలుసా?

అడగక కాదు. ఒకసారి ఆసుపత్రి కాగితంలో రాయాల్సివచ్చి పేరు చెప్పమంటే, "గాజులామె అని రాసుకో అమ్మీ. ఆ పేరు మీద ఎవురు జాబు రాసినా నాకే వచ్చి చేరతాది" అంది. అట్లే రాసుకున్నాను.

నేను ఆ ఆసుపత్రిలో ఇ.సి.జి. తీస్తాను. మనుషుల గుండె కొట్టుకోవడాన్ని గీతలుగా కాగితం మీదికి దించడం నా ఉద్యోగం. పాతికేళ్లు నిండేసరికే ఈ ఊళ్లో సగంమంది గుండెలు చూశానని గొప్పలు చెప్పుకునేదాన్ని. ఆ గొప్పలు గాజులమ్మ ముందు సాగేవి కావు. నేను గుండెలు చూస్తే ఆమె చేతులు చూసేది, నాకంటే ఎక్కువే చూసింది.

హిందూపురంలో బస్సెక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా ఆమెకు తెలియని పల్లె లేదు. మలారమంటే గాజుల సరాలన్నీ తాళ్లకు గుచ్చి కట్టిన పెద్ద మూట. దాన్ని అరుగు మీద దించి, కొంగుతో మొగం తుడుచుకుని, చెంబెడు నీళ్లు తాగిన తర్వాతే విప్పేది. ఎంత తొందరపెట్టినా అంతే. ఆ తర్వాత మన చెయ్యి తీసుకుని, బొటనవేలి మొదలునూ చిటికెనవేలి మొదలునూ దగ్గరికి నొక్కి కాసేపు పట్టుకునేది. "రెండు ఆరు" అనేది, లేదా "రెండు నాలుగు". కొలత అయిపోయినట్టే. ఆమె చెప్పిన సైజు తప్పిందని నేనెన్నడూ వినలేదు.

పెదాల మధ్యే "బిస్మిల్లా" అనుకుని మొదటి గాజు ఎక్కించేది. పిడికిలి ఎముకల దగ్గరికొచ్చి గాజు ఆగుతుంది చూడండి, ప్రాణం పోయేది అక్కడే. సరిగ్గా అప్పుడు తలెత్తి మన మొగంలోకి చూసి, "మీ ఇంట్లో ఆవు ఈనిందా?" అని అడిగేది. "లేదే, ఇంకా నెలుంది" అనో, "మాకు ఆవెక్కడిది" అనో మనం నోరు తెరిచేలోపల గాజు మణికట్టు మీదికి జారి ఉండేది. పల్లెలోనూ అదే ప్రశ్న, పట్నంలోనూ అదే ప్రశ్న. హిందూపురంలో ఒక బ్యాంకు మేనేజరు భార్య, ఇరవై ఏళ్లు మేడమీద వాటాల్లోనే బతికిన మనిషి, తనను కూడా ఆవు ఈనిందా అని అడిగిందని నాతో చెప్పుకుని నవ్వింది. నొప్పి తెలిసిందా అంటే, లేదంది.

"మొగాలు నాకు గుర్తుండవమ్మీ, చేతులు గుర్తుంటాయి. మొగం అబద్ధమాడతాది, చెయ్యి ఆడదు" అనేది. పదేళ్ల కిందట ఒక్కసారి గాజులు తొడిగిన మనిషి బస్టాండులో ఎదురైతే పలకరించేది కాదు. చెయ్యి అందుకుని నొక్కి చూసి, అప్పుడు గుర్తుపట్టి ఊరూ పేరూ చెప్పేది. గాజులు వేసుకునే చేతులే కాదు, వేసుకోవడం మానేసిన చేతులు కూడా ఆమెకు జ్ఞాపకమే. పెళ్లిగాజులు తొడిగిన పిల్ల మొగుడు ఆరునెలలకు పోతే, పదోదినం తర్వాత ఆ ఇంట్లో ఆమెను పిలిచేవాళ్లు ఉండరు కదా. ఆ అరుగు దాటి పోయేటప్పుడు మలారాన్ని రెండో భుజానికి మార్చుకుని తల వంచుకుని పోయేది.

అటువంటి మనిషి నా పెళ్లికి నాకు గాజులు తొడగలేదు.

పిలిపించింది మా నాయనే. వచ్చింది, మూట దించింది, నీళ్లు తాగింది. పెద్దదిక్కు కాబట్టి ముందు మా అమ్మ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "నువ్వు ఎవురి కూతురివి?" అంది. అమ్మ చెప్పింది. మా అవ్వ పేరు, అంటే మా అమ్మను కన్నతల్లి పేరు, వినగానే గాజులమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. వెంట వచ్చిన కోడలితో "నువ్వు తొడుగు ఈళ్లకి" అని, తాను గోడవైపు తిరిగి కూర్చుంది. కోడలికి చెయ్యి తిరగలేదు. రెండు గాజులు చిట్లాయి, నా మణికట్టు గీరుకుంది. నన్నెవరూ ఆవు ఈనిందా అని అడగలేదు. మా ఇల్లు ఆమెకు ఏం తక్కువైందో అని ఉడికిపోయాను. ఆ కోపం మూడేళ్లు దాచిపెట్టుకున్నాను. నేను కోపాలు పారేసే రకం కాదు.

ఆ మూడో ఏడు మా తమ్ముడు పోలీసు సెలక్షన్లకు తయారవుతున్నాడు. వాడికి ఇరవై ఒకటి. అనంతపురం మైదానంలో ఐదు కిలోమీటర్లు పరిగెత్తాలి. రోజూ తెల్లవారుజామున పెనుకొండ రోడ్డు పట్టుకుని పరిగెత్తి, ఏడింటికల్లా వచ్చి నానబెట్టిన శనగలు తిని, మళ్లీ సాయంత్రం పరిగెత్తేవాడు. మా నాయన వాడి కాళ్లకు ఆముదం రాసి, ఆ జిడ్డుచేతులే గొప్పగా ఊరంతా చూపించేవాడు. వాడి ఖాకీ బట్టలు మా ఇంట్లో అప్పటికే కుట్టించినంత సంబరం.

అదే ఏడు మా ఆసుపత్రికి దిబ్బమీదోళ్ల మనిషి ఒకతను ప్రాణాలతో వచ్చాడు. ప్రాణాలతో అని ఎందుకంటున్నానో చెప్పాలి. కొత్తచెరువు పక్క ఒక పల్లెలో, ఊరికి ఎత్తున కట్టిన ఇల్లు వాళ్లది. అందుకని ఆ పేరు. దిబ్బమీదోళ్ల మగపిల్లలకి మీసం నెరవదు అని చుట్టుపక్కల సామెతే ఉంది. ఒకడు వేరుశనగబుడ్డల మూట ఎత్తుతూ, ఒకడు కబడ్డీ ఆడుతూ, ఒకడు ఊరికే సంగటి తిని లేస్తూ, అందరూ నలభై లోపలే. ఆ ఇంటి ముత్తాత ఎవరో ఎండలో వచ్చిన గొర్రెలకాపరిని నీళ్లు ముట్టనియ్యకుండా తరిమాడట. వాడు గుండె పట్టుకుని పడిపోతూ శాపం పెట్టాడట. శాపం ఇంటిపేరుకు తగిలింది కాబట్టి ఇంటిపేరున్నవాళ్లకే వస్తుందని ఊరి నమ్మకం.

నెలకు రెండు ఆదివారాలు బెంగుళూరు నుంచి ఒక గుండె డాక్టరు ఎకో మిషనుతో మా ఆసుపత్రికి వచ్చేవాడు. అతను ఆ మనిషి గుండెను తెరమీద చూపించి, "గుండె కండ చూడమ్మా, ఎంత మందంగా ఉందో. ఇది శాపం కాదు. తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డకు వచ్చే జబ్బు. వీళ్ల ఇంట్లో అందర్నీ చూడాలి" అన్నాడు. తర్వాతి ఆదివారం జీపులో ఆ పల్లెకు బయల్దేరాం. ఇ.సి.జి. మిషను ఒళ్లో పెట్టుకుని నేనూ వెళ్లాను.

దిబ్బమీద ఇంటి పెద్దాయన, అంటే ఆ ఇంటికి అల్లుడై వచ్చి ముసలివాడైన మనిషి, వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఫలానా వాడు, వాని కొడుకు, వాని తమ్ముడు. డాక్టరు పెద్ద కాగితం మీద ఒక్కొక్కరికి ఒక చదరం గీశాడు. జబ్బున్న చదరాన్ని నల్లగా నింపేవాడు, చనిపోయిన చదరానికి అడ్డంగా గీత కొట్టేవాడు. గంటసేపటికి కాగితం నిండా నల్లచదరాలు, వాటిమీద గీతలు. నేను పక్కన కూర్చుని పేర్లు రాస్తున్నాను.

అరుగు మీద ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే గాజులమ్మ. మూట దించి, చెంబు పక్కన పెట్టుకుని, ఎప్పట్నుంచి వింటోందో మరి.

"డాక్టరుసామీ, మొగోళ్లనే రాస్తాండావే. ఈ ఇంటి ఆడబిడ్డలు ఏరి?" అంది.

పెద్దాయనకు చిరాకేసింది. "వాళ్లు ఈ ఇంటోళ్లు ఎట్లయితారు? పెండ్లిండ్లయి పాయ. ఇంటిపేర్లు మారిపాయ."

"ఇంటిపేరు మారితే నెత్తురు మారతాదా అప్పా? పోయేటప్పుడు నెత్తురు తీసి మీ దండెం మీద ఆరేసి పొయినారా?"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. అతనికి తెలియక కాదు, పెద్దాయన చెప్పే ధాటికి ఆడవాళ్లను తర్వాత అడుగుదాంలే అనుకున్నాడట. నాకైతే ఆ మాట కూడా తట్టలేదు. గుండెకు ఇంటిపేరు ఉండదని చదువుకున్నదాన్ని, పైగా ఆడదాన్ని, గంటసేపు మగవాళ్ల పేర్లే రాసుకుంటూ కూర్చున్నాను. సిగ్గనిపించింది.

గాజులమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఏ కాగితమూ చూడకుండా, కళ్లు సగం మూసుకుని, ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు వేళ్లు కదిలిస్తూ చెప్పింది. "ధర్మవరానికి ఇచ్చిన పెద్దపిల్ల, రెండు నాలుగు. దాని కొడుకు మగ్గం గుంతలోనే తల వాల్చినాడు, కోడలు చేతికి నేను గాజులు తొడిగి మూడు నెల్లు. పెనుకొండకు ఇచ్చిన నడిపిపిల్ల, రెండు ఆరు. దాని కూతుర్ని మళ్లా ఈ ఇంటికే మేనరికం ఇచ్చినారు. ఆ ఇద్దురికీ పుట్టిన బిడ్డ సంవత్సరం నిండకుండానే పాయ." డాక్టరు వరస ఆపి, ఆ బిడ్డ గురించి రెండుసార్లు అడిగాడు. అటు నుంచీ ఇటు నుంచీ వస్తే ఇంకా బలంగా వస్తుందని నాతో మెల్లగా అన్నాడు. ఆడవాళ్లకు సున్నాలు గీస్తుంటే గాజులమ్మ వంగి చూసింది.

"మొగోళ్లకి పెట్టెలు, ఆడోళ్లకి గాజులా? బుద్ధిమంతుడే ఈయప్ప" అంది. డాక్టరు కూడా నవ్వాడు.

అట్లా చెప్తూ చెప్తూ ఆగిపోయింది. నావైపు చూసింది. నా మొగం కాదు, పెన్ను పట్టుకున్న చెయ్యి చూసింది. "ఇంగొక ఆడబిడ్డ ఉండాది. ఆమె సంగతి దోవలో చెప్తా" అంది.

తిరిగొచ్చేటప్పుడు పెనుకొండ దాకా జీపులో ఎక్కించుకున్నాం. మలారం ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. గాజులు కదలకుండా రెండు చేతుల్తో అదిమి పట్టుకుంది.

"మీ తమ్ముడు రోడ్డు మీద పరిగెత్తుతాండాడు, చూసినా. వాణ్ని ఆపు అమ్మీ."

"ఎందుకు?"

"మీ అవ్వ దిబ్బమీదోళ్ల బిడ్డ."

మా అవ్వ పుట్టిల్లు ఆ పక్కనే అని తెలుసు గానీ, ఏ ఇల్లో నేనెప్పుడూ అడగలేదు. మా అవ్వ అరవై దాటి బతికింది, మా అమ్మ బాగుంది, మరి మాకెట్లా వస్తుందన్నాను. నాకే తెలుసు అది వెర్రి ప్రశ్న అని.

"మీ మేనమామ ఎట్ల చచ్చిపొయినాడు?" అంది.

మా అమ్మకు అన్న ఒకాయన పంతొమ్మిదేళ్లకు చేనులో పడిపోయాడు. ఎండదెబ్బ అని మా ఇంట్లో చెప్తారు. నేనూ అదే చెప్పాను.

"పెండ్లయి రెండు నెల్లు. ఆ పిల్ల గాజులు తీసినప్పుడు నేను ఆ ఊళ్లోనే ఉన్నా. అది కార్తీకమాసం. కార్తీకంలో యాడన్నా ఎండదెబ్బ తగుల్తాదా?"

పుట్టినప్పటి నుంచీ విన్న మాట. కార్తీకమాసంలో మా ఊళ్లో పొద్దున చెంబు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. ఒక్కరోజు కూడా నాకు అనుమానం రాలేదు. సెలక్షన్లు గురువారం. అది ఆదివారం.

ఇంటికి వెళ్లి చెప్తే మా నాయన మండిపడ్డాడు. "వాళ్ల శాపం మనకెందుకొస్తాది? మన ఇంటిపేరు వేరే కదా." పొద్దున దిబ్బమీద ఇంటి పెద్దాయన అన్న మాటే. తమ్ముడు ఇంకొక రకం. "పరుగైపోనీ అక్కా. వచ్చినాక నీ వైర్లన్నీ తగిలించుకో" అన్నాడు. మధ్యమధ్యలో కళ్లు తిరుగుతున్నాయేమో అడిగాను. లేదన్నాడు, అంటూ పక్కకు చూశాడు. మొగం అబద్ధమాడుతుందన్న గాజులమ్మ మాట గుర్తొచ్చింది. చెయ్యి పట్టుకుని అడిగితే, రెండుసార్లు రోడ్డుపక్క కూర్చుండిపోయానని చెప్పాడు. శనగలు తక్కువైనాయేమో అనుకున్నాడట, వెర్రివాడు. మా అమ్మ లేచి, వాడి బూట్లు తీసి బియ్యం డబ్బాలో పెట్టి, దానిమీద కూర్చుంది. "పరీక్ష చేయించుకోనిరా. అప్పుడిస్తా" అంది.

సోమవారం పొద్దున నేనే వాడికి ఇ.సి.జి. తీశాను. కాగితం మిషనులోంచి బయటికి వస్తుంటేనే తెలిసిపోయింది. ఎంతమంది కాగితాలు చూశాను, ఇది చూడలేకపోయాను. ఫోను చేస్తే డాక్టరు వెంటనే బెంగుళూరుకు తీసుకురమ్మన్నాడు. అక్కడ ఎకోలో వాడి గుండె గోడ దిబ్బమీది మనిషి గోడకంటే మందంగా ఉంది. నాకూ చూశారు, నాకు లేదు. అమ్మకు కొంచెం ఉంది, ఆయాసాన్ని ఇన్నేళ్లూ నీరసమనుకుంది. ఒకే కడుపున పుట్టాం. నాణెం బొమ్మ వాడికి పడితే బొరుసు నాకు పడింది. అంతకుమించి నా మంచితనమేమీ లేదు.

గురువారం వాడు అనంతపురం వెళ్లలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాత్రలు ఇచ్చారు, పరుగు వద్దన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు. మా నాయన గాజులమ్మను తిట్టాడు. నోటి దగ్గరికొచ్చిన ఉద్యోగాన్ని లాగేసిన పాడుచెయ్యి అన్నాడు. ఆ మాట ఎవరో మోసుకుపోయి ఆమెకు అందించారు.

నేను ఆమె ఇంటికి వెళ్లాను, దండం పెట్టి రావాలని. హిందూపురంలో మసీదు వెనక సందులో ఒక గది, ముందు రేకుల పంచ. నేను చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది, పెళ్లిరోజు లాగానే. మూడేళ్లు దాచిన కోపం అప్పుడు బయటపడింది. "మా చేతులు నీకెందుకు పనికిరావు?" అని అడిగేశాను.

"నీ చెయ్యి కాదు అమ్మీ. నా చెయ్యే పనికిరాదు. మీ నాయన అన్నది నిజమే" అంది.

అప్పుడు చెప్పింది. పద్దెనిమిదేళ్ల వయసులో అత్త వెంట మలారం మోయడం నేర్చుకుంటోందట. తన చేత్తో మొదటిసారి తొడిగిన పెళ్లిగాజులు మా అవ్వవి. చెయ్యి తిరగక మొదటి గాజే మా అవ్వ చేతిమీద చిట్లింది. ఎవరూ ఏమనలేదు. నెల తిరక్కుండా మా అవ్వ తమ్ముడు బావి గట్టున పడి చనిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంటి ఆడబిడ్డలకు తాను ఎక్కడెక్కడ గాజులు తొడిగిందో, ధర్మవరంలో, పెనుకొండలో, అక్కడక్కడల్లా ఏదో ఒక చెయ్యి బోసిపోయింది. డాక్టరుకు ఆ పొద్దు వరసగా చెప్పిన పేర్లన్నీ అందుకే ఆమెకు నోటికి వచ్చు. నలభై ఏడేళ్లుగా ఒక్కదాన్నీ మరిచిపోలేదు. ఎవరికీ చెప్పుకోలేదు. ఆ ఇంటి నెత్తురున్న ఆడపిల్ల ఎదురైతే కోడలితో తొడిగించి తాను గోడవైపు తిరిగేది.

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. మర్నాడు డాక్టరు కాగితం నకలు తీసుకుపోయి నేలమీద పరిచాను. "ఇదిగో, ఈ మూడు పెట్టెలు చూడు. నువ్వు కాపురానికి రాకముందే గీతలు పడ్డాయి. అప్పుడు నీ చెయ్యి ఎక్కడుంది?"

ఆలోచించింది. "అప్పుడు మా అత్త తొడుగుతాండె. మా అత్త చెయ్యి నాకొచ్చిందేమో. నీ డాక్టరు చెప్పలా, వస్తాదని?"

కొడుక్కూ కూతురికీ వస్తుంది గానీ అత్త నుంచి కోడలికి రాదని వివరించబోయి నాకే నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

ఇంకొక ఏడాది పట్టింది నాకు సరైన జవాబు దొరకడానికి. అగళి నుంచి కన్నడం మాట్లాడే ఒక కుటుంబం వచ్చింది, అదే గుండె. వాళ్లూ దిబ్బమీదోళ్లూ ఒకరినొకరు ఎరగరు. తర్వాత పెనుకొండ నుంచి ఒక సాయిబుల కుటుంబం వచ్చింది. డాక్టరు మొదట ఇది ఒక ఇంటి జబ్బు అనుకున్నాడు, తర్వాత ఒక పల్లె జబ్బు అనుకున్నాడు. చివరికి, "ఇది ఎప్పటిదో అమ్మా. మన కులాలూ ఊళ్లూ పుట్టకముందు నుంచీ వస్తూ ఉందేమో. దగ్గరి సంబంధాలు చేసుకున్న చోట కుప్పగా కనబడుతుంది, మిగతా చోట్ల చెల్లాచెదురుగా ఉంటుంది, అంతే తేడా" అన్నాడు.

ఆ మాట పట్టుకుని పరిగెత్తాను. "అగళికి ఎప్పుడైనా పోయినావా?"

"లేదు. ఆడ వేరే వాళ్లు తిరుగుతారు."

"అక్కడా ఉంది. నీ చెయ్యి ముట్టని ఇళ్లలో ఉంది."

గాజులమ్మ చాలాసేపు తన అరచెయ్యి చూసుకుంది. "అట్లనా" అంది. అప్పుడే నా చెయ్యి ముందుకు చాపాను. తల అడ్డంగా ఊపింది. "కాగితాలకేమమ్మీ, ఎట్లయినా రాస్తారు. మీ తమ్ముని మీసం నెరవనీ. అప్పుడు తొడుగుతా."

ఇక చేసేదేముంది, ఎదురుచూడటమే. తమ్ముడు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. తర్వాత పట్టుగూళ్ల మార్కెట్టులో వేలంపాట పాడే పనిలో కుదిరాడు. పరిగెత్తే పని లేదు, అరిస్తే చాలు. అరవడంలో వాడిని మించినవాడు లేడు. ఒకరోజు మార్కెట్టు నుంచి వచ్చి, తనతో కలిసి పరిగెత్తిన ఇద్దరు కుర్రాళ్లు కానిస్టేబుళ్లయ్యారని చెప్పి, "నేనైతే ఆ మైదానంలోనే పడి పోయుండేవాణ్నేమో అక్కా" అన్నాడు. ఆ తర్వాత మా మధ్య మాటలకు లోటు రాలేదు. పెళ్లయింది, బయటి సంబంధమే. కూతురు పుట్టింది. మూడేళ్లకొకసారి ఆ పిల్లకు పరీక్ష చేయిస్తున్నాం. ఇప్పటిదాకా గుండె బాగుంది.

గాజులమ్మ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఏ పల్లెలోనైనా వయసు మగవాడు ఉన్నట్టుండి పోతే, ఆ ఇంటి చెల్లెళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో తెలుసుకుని నా దగ్గరికి వచ్చి ఊర్లు చెప్పేది. వాళ్ల ఇళ్లకు పోయి, "హిందూపురం ఆసుపత్రిలో ఒక పిల్ల ఉండాది, వైర్లు తగిలిస్తాది, నొప్పి ఉండదు" అని పంపేది. డాక్టరు కాగితానికి కాగితం అతికించి గోడంత చేశాడు. మొదట్లో ఆ పటంలో కనబడేవన్నీ గీత పడ్డ నల్లచదరాలే. పదేళ్లకు గీత పడని నల్లచదరాలు ఎక్కువైనాయి. జబ్బు పోలేదు, పోయేదీ కాదు. ఆడపిల్లల్ని బెంగుళూరుకూ ఇంకా దూరాలకూ ఇస్తున్నారు కాబట్టి కుప్ప కరిగి పలచబడింది, కొత్త ఊళ్లు చేరింది. కానీ జబ్బున్నవాళ్లు బతుకుతున్నారు. ఆ గీత పడని చదరాల్లో ఒకటి మా వాడిది. ఇప్పటికీ ఆ గోడ ముందు నిలబడితే ముందు దాన్నే వెతుక్కుంటాను.

పోయిన ఏడాది ఒకరోజు తమ్ముడు అద్దం ముందు నిలబడి మీసం పీక్కుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. రెండు వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. వాడికి ముప్పైరెండు. "రంగేస్తా" అన్నాడు. రంగేస్తే ఇంట్లోకి రానివ్వనన్నాను. వాణ్నీ, వాడి కూతుర్నీ వెంటబెట్టుకుని మసీదు వెనక సందుకు నడిచాను.

గాజులమ్మకు అప్పటికి చూపు మసకబారింది. మలారం మోయడం మానేసి మూడేళ్లయింది. ఫ్యాన్సీ షాపులొచ్చాక పిలిచేవాళ్లూ తగ్గారు. మంచం మీద కూర్చుని ఉంది. సంగతి చెప్పాను. నమ్మలేదు.

"నువ్వట్లే చెప్తావు. వాని అక్కవి కదా." మనవరాలిని కేకేసింది. "రా ఈడికి. ఈయప్ప మీసం చూడు. నెరిసిండాదా?"

ఆ పిల్ల సిగ్గుపడుతూ వచ్చి మా తమ్ముడి మొగంలో మొగం పెట్టి చూసింది. మార్కెట్టంతా దద్దరిల్లేలా అరిచేవాడు కాస్తా ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

"రెండు ఉండాయి అవ్వా" అంది ఆ పిల్ల.

"రెండా?"

"రెండు. తెల్లగా."

గాజులమ్మ కొంగుతో మొగం తుడుచుకుంది. చెంబెడు నీళ్లు అడిగి తాగింది. మంచం కింద నుంచి పాత మూట లాగించుకుంది. మా మేనకోడలి చెయ్యి అందుకుని నొక్కి పట్టుకుంది, బిస్మిల్లా అనుకుంది. గాజు ఎముకల దగ్గర ఆగింది. "మీ ఇంట్లో ఆవు ఈనిందా?" అంది. "మాకు ఆవే లేదు" అని ఆ పిల్ల చెప్పి ముగించేసరికి ఎర్రగాజు చేతికి ఉంది.

"ఇంగ నీ చెయ్యి ఇయ్యి అమ్మీ" అంది నాతో.

ఇచ్చాను. పట్టుకుని, "రెండు ఆరు. మీ అవ్వ చెయ్యే" అంది. పట్టు తప్పలేదు. గాజు వచ్చి ఆగింది. ఆ మసక కళ్లతోనే తలెత్తి నా మొగంలోకి చూసింది.

"మీ ఇంట్లో ఆవు ఈనిందా?"

నేను జవాబు చెప్పకముందే గాజు ఎక్కింది.